ఎడమ వెనక చక్రం

గురువారం గురువారం బడిపిల్లలు ఇళ్లకి చేరే వేళకి నాగభూషణం బయటికొచ్చి చెత్తడబ్బాలు లోపలికి లాగుతాడు. ఎర్రమూతది ముందు, పసుపుమూతది తరవాత. తమవి అయ్యాక పక్కింటివి కూడా లాగుతాడు, వాళ్లు డ్యూటీల్లో ఉంటారు కాబట్టి. లాగినదాన్ని గోడకి తిన్నగా ఆనిస్తాడు. వంకరగా ఉందనిపిస్తే మళ్లీ తీసి పెడతాడు. పని చేస్తే చేసినట్టుండాలి. ద పాండ్స్ అనే ఆ ఆస్ట్రేలియా పేటలో, ఆ వీధి మొత్తమ్మీద, ఈ సంగతి తెలిసినవాడు తానొక్కడేనని ఆయన నమ్మకం.

అప్పటికే వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో "బాయిలర్ కమింగ్, ప్లీజ్ మూవ్ కార్స్" అని వచ్చేసి ఉంటుంది. రోడ్డు మీది కార్లన్నీ డ్రైవ్‌వేల్లోకి ఎక్కుతాయి. పిజ్జా తెచ్చిన కుర్రాడు మూల మీద బండి ఆపుకుని ఫోన్ చూసుకుంటూ కూచుంటాడు. సైకిళ్ల మీద పిల్లలు గడ్డి మీదికి తప్పుకుంటారు.

ముందు నేల గుర్రుమంటుంది. తరవాత వీధి మొదట్లో తారులోంచి పట్టాలు పైకి తేలతాయి. వాటి మీద ఒకదాని వెనక ఒకటి రెండు పొగ ఇంజన్లు. వాటి వెనక, నడుము దగ్గర కిందికి దిగిన పొడవాటి వ్యాగను. దాని మీద బాయిలరు. మేడ మీద గదుల కిటికీలకి చీకటి కమ్మేంత బాయిలరు. కింద కొయ్యదిమ్మెలు, పైన గొలుసులు. బండి మనిషి నడిచినంత మెల్లగా వస్తుంది. వ్యాగను మూలల దగ్గర మనుషులు, తలమీద టోపీలు, చేతుల్లో చక్రం కింద పెట్టే అడ్డుచెక్కలు, పక్కన నడుస్తూ ఉంటారు. ఎవరితోనూ మాట్లాడరు. బండి దాటిపోయాక పట్టాలు మునిగిపోతాయి. తారు మీద గీత కూడా ఉండదు.

వందేళ్ల పైమాట. అక్కడంతా గొర్రెలు మేసే రోజుల్లో, ఓడలో దిగిన ఆ బాయిలరు కొండలవతల గనికి కరెంటు పుట్టించడానికి బయల్దేరింది. ఇంకా చేరలేదు. ఎందుకు చేరలేదో ఆ వీధిలో చిన్నపిల్లకి కూడా తెలుసు. వీధి చివర చెరువు పక్కన రోడ్డు ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు కింద బండి ఆగుతుంది. మీసాల మేస్త్రీ ఒకాయన చెయ్యి పైకెత్తి మూలమూలకీ చూస్తాడు. ముందరి ఇద్దరూ అడ్డుచెక్కలు ఎత్తి చూపిస్తారు. వెనక కుడివాడు చూపిస్తాడు. వెనక ఎడమ చక్రం దగ్గర మనిషి లేడు. అక్కడి అడ్డుచెక్క వ్యాగను మెట్టు మీద ఊరికే పడి ఉంటుంది. మేస్త్రీ టీ మరిగేంతసేపు చూస్తాడు. చూసి, చెయ్యి దించేస్తాడు. బండి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మళ్లీ గురువారం వస్తుంది.

ఇళ్లు అద్దెకిచ్చే ఏజెంట్లు స్కూలు దగ్గరే, స్టేషను దగ్గరే, గురువారం బాయిలరు వెళ్తుంది అని ఒకే ఊపిరిలో చెప్తారు. అద్దె మాత్రం తగ్గించరు.

"ఆ గొలుసు చూడు," అంటాడు నాగభూషణం ప్రతి గురువారం, పక్కన ఎవరుంటే వాళ్లతో. "అలా కడతారా? మెలిపడింది. నా చేతికింద ఎవడైనా అలా కట్టుంటే చెంప పగిలేది."

"ఓకే తాతా," అంటుంది మనవరాలు స్పందన.

నాగభూషణం ఊరికే అనడు. వైజాగులో, వాల్తేరు యార్డులో, బరువులెత్తే ఖలాసీల ముఠాకి ఆయన మేస్త్రీ. క్రేన్లు అందని చోట ట్రాన్స్‌ఫార్మర్లూ బాయిలర్లూ వ్యాగన్ల మీంచి మనుషుల చేతుల మీద దించిన ముఠా అది. మేస్త్రీ పాట అందుకుంటాడు, ముఠా జవాబిస్తుంది. జవాబు వినబడితేనే అడ్డుచెక్క వాడు తన చెక్క తీస్తాడు. వినబడకపోతే తీయడు. చదువు రెండో తరగతి దాటకపోయినా ఆయన గొంతు కింద నలభైమంది ఒక్క మనిషిలా కదిలేవారు. అందుకే ఆయనకి ఎవరికీ జవాబు చెప్పే అలవాటు లేదు. ఇంట్లో కూడా.

నాలుగిళ్ల అవతల వివేక్ అని ఐటీ కుర్రాడున్నాడు. వాళ్ల నాన్న పాండురంగ. నాగభూషణం ముఠాలో అడ్డుచెక్క మనిషి. పిల్లలిద్దరూ ఎక్కడెక్కడో చదివి, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసి, ఇంత ఆస్ట్రేలియాలో ఒకే వీధిలో ఇళ్లు కొనుక్కున్నారు. కూతురు సాహిత్య ఆ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు నాగభూషణం, "ఇల్లు అమ్మేయ్," అన్నాడు. ఆమె అమ్మలేదు.

నాగభూషణం పాండురంగ పేరు పలికి ముప్పై ఏళ్లు దాటింది. "ఆ ఇంటాయన" అంటాడు. మరీ తప్పకపోతే "వివేక్ వాళ్ల నాన్న". ఇద్దరికీ పొద్దున్నే చెరువు చుట్టూ నడిచే అలవాటు. పాండురంగ ఎడమనుంచి నడుస్తాడని నాగభూషణం కుడినుంచి నడుస్తాడు. దానివల్ల చుట్టుకి రెండుసార్లు ఎదురుపడతారు. రెండుసార్లూ నాగభూషణం నీళ్లలో బాతుల్ని చూస్తాడు. ఒకే వైపు నడిస్తే అసలు ఎదురుపడక్కర్లేదని అల్లుడు ఒకసారి అన్నాడు. అప్పట్నుంచి అల్లుడితో కూడా మాటలు తగ్గాయి. పాండురంగ భార్య శ్యామసుందరి పోయినప్పుడు నాగభూషణం వెళ్లాడు. వెనక వరసలో కూచున్నాడు, వివేక్ భుజం తట్టాడు, మంచినీళ్లు ముట్టకుండా వచ్చేశాడు.

కారణం సింహాద్రి. నాగభూషణం తమ్ముడు. ముఠాలో ఇంకో అడ్డుచెక్క మనిషి.

ముఠాకి ఒక కట్టుబాటుంది. బరువు కదులుతుండగా మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. కన్నతల్లి పోయిందని కబురొచ్చినా సరే. పిలిస్తే వాడు తల తిప్పుతాడు. తల తిప్పినవాడి చెయ్యి ఎక్కడుందో వాడికే తెలీదు. ఏదైనా ప్రమాదం కనిపిస్తే 'బందు' అని అరవాలి. చదునులో అయితే అందరూ ఉన్నచోట ఆపేస్తారు. ఎత్తు మీద అదీ అనకూడదు. మధ్యలో ఊపు తెగితే బరువు వెనక్కి వస్తుంది, అడ్డుచెక్క వాడే ముందు పోతాడు. ఎత్తు మీద మొదలుపెడితే పైకి చేరేదాకా పాట, జవాబు, అంతే.

ఆ రోజు యార్డులో చదునే. బరువు కదులుతోంది. సింహాద్రి భుజం మీది తువ్వాలు జారి చక్రం వైపు వేలాడుతోంది. అది చూసింది పాండురంగ. బందు అనలేదు. "సింహాద్రీ!" అని అరిచాడు. సింహాద్రి తల తిప్పాడు, నవ్వుతూ, ఏటిరా అన్నట్టు. చక్రం తువ్వాల్ని లాక్కుంది, తువ్వాలు సింహాద్రిని.

"ఆయన అరిచింది కాపాడదామనే కదా నాన్నా," అంటుంది సాహిత్య ఏడాదికోసారైనా.

"కాపాడేవాడు బందు అంటాడు."

అక్కడితో ఆ మాట అయిపోతుంది.

పోయిన సెలవుల్లో ఒక గురువారం వీధిలో బార్బెక్యూ విందు పెట్టుకున్నారు. బండి ఎత్తు కింద ఆగినప్పుడు, జిమ్ముకెళ్లే వివేక్‌ని అందరూ ఎగదోశారు. వాడు వెళ్లి ఆ ఎడమ వెనక అడ్డుచెక్క ఎత్తబోయాడు. రెండు చేతులతో గుంజాడు, కాలు తన్నిపెట్టి గుంజాడు. మెట్టుకి అంటుకుపోయినట్టు కదల్లేదు. అందరూ ఈలలు. అప్పుడు పాండురంగ చేతిలో పేపరు ప్లేటు పక్కన పెట్టి, లేచి వెళ్లి, ఒంటిచేత్తో అడ్డుచెక్క ఎత్తి, దుమ్ము ఊది, మళ్లీ అక్కడే పెట్టేశాడు. మీసాల మేస్త్రీ ఆయన వైపు చూశాడు. వందేళ్లలో ఆయన వీధిలోని మనిషి వైపు చూడ్డం అదే మొదలు. నాగభూషణం అదంతా తన కిటికీలోంచి చూశాడు. తెర వేశాడు.

ఒక బుధవారం పొద్దున్న పాండురంగ నాగభూషణం ఇంటికొచ్చాడు. సాహిత్య ఆఫీసుకెళ్లిపోయింది. స్పందన జ్వరమొచ్చి బడికెళ్లలేదు, సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుంది.

"మేస్త్రీ, ఉన్నావేటి?"

నాగభూషణం పేపరు మడిచాడు. "స్పందనా, గుమ్మంలో ఎవరో ఉన్నారు చూడు."

"తాతా, ఇట్స్ పాండు తాత. యూ కెన్ సీ హిమ్."

"కూచోమను."

"హి కెన్ హియర్ యూ."

"కూకుంటాన్లేమ్మా," అన్నాడు పాండురంగ నవ్వుతూ. "మీ తాత సెప్పకముందే కూకున్నాను."

"ఏం పనో అడుగు."

"ఓ మై గాడ్," అంది స్పందన, దుప్పటి తలమీదికి లాక్కుంది. కానీ లేచి వెళ్లలేదు.

పాండురంగ చొక్కాలోంచి ఒక గొలుసు బయటికి తీశాడు. దానికి ఒక బిళ్ల. "అడ్రసు. వివేకు మెళ్లో ఏసినాడు, కుక్కపిల్లకి ఏసినట్టు. మొన్న సెరువు కాడ నుంచి ఇంటికి దారి తెల్లేదు మేస్త్రీ. బుర్ర ఎండిపోతందంట, డాట్రు సెప్పీసినాడు. ఒకటొకటీ పోతాదంట."

"మాత్రలు వేసుకోమను," అన్నాడు నాగభూషణం దుప్పటితో.

"ఏసుకుంతన్నాను. సేతులకి మాత్రం ఇంకా మరుపు రాలేదు. సూసినావు గదా నువ్వు, ఆ దినం, కిటికీలోంచి." పాండురంగ అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "రేపు గురువారం. ఆ ఎడం పక్క ఎనక సక్రం కాడ మనిషి లేడు. నానెల్దామనుకుంతన్నాను."

నాగభూషణం మడిచిన పేపరునే ఇంకో మడత వేశాడు. దుప్పటి కదల్లేదు.

"ఇక్కడే ఉంటే అన్నీ మరిసిపోతాను. సింహాద్రిని కూడా మరిసిపోతాను. ఆడి పేరు మరిసిపోయిననాడు నాను మంచోణ్నైపోతాను మేస్త్రీ. ఏ తప్పూ సెయ్యనోణ్ని. అది నాకొద్దు." గొలుసు మళ్లీ చొక్కాలో వేసుకున్నాడు. "ఒక్క మాటకొచ్చినాను. నువ్వు నన్ను పేరెట్టి ఒక్కపాలి పిలు. పిలిస్తే ఉండిపోతాను. ఈ బిళ్లేసుకుని, నువ్వు తిట్టింది ఇనుకుంటా ఇక్కడే కూకుంటాను. పిలవకపోతే ఎల్లిపోతాను. తిట్టినా పరవాలేదు. పేరెట్టి తిట్టు."

ఫ్రిజ్ ఒకటే చప్పుడు చేస్తోంది. బయట మాగ్‌పై పిట్ట ఫెన్సు మీద కూచుని అరిచి వెళ్లిపోయింది.

"టీ తాగి వెళ్లమను," అన్నాడు నాగభూషణం.

స్పందన దుప్పట్లోంచి మొహం బయటపెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, జ్వరానికో మరి దేనికో. "తాతా. జస్ట్ సే ఇట్. ఇట్స్ వన్ వర్డ్."

"నువ్వు పడుకో."

పాండురంగ టీ తాగాడు. కప్పు తనే కడిగి బోర్లించాడు. వెళ్తూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు, వెనక్కి మాత్రం తిరగలేదు. అడ్డుచెక్క మనుషులకి అలవాటు, పిలవందే తల తిప్పరు.

ఆ పూటంతా నాగభూషణం లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. వెళ్లడు. ముసలాడికి మోకాళ్లు సరిగ్గా లేవు, ఎక్కడికెళ్తాడు. బెదిరింపు. వెళ్లినా బండి ఎత్తు కింద ఆగుతుంది, మేస్త్రీ చెయ్యెత్తి చూస్తాడు, టీ మరిగేంతసేపు ఉంటుంది, అప్పుడు పిలవచ్చు. బరువు నిలబడి ఉన్నప్పుడు పిలిస్తే కట్టుబాటు తప్పినట్టు కాదు. తన ఇంటికొచ్చి అడిగినందుకు పిలిచినట్టూ ఉండదు. తన ఇష్టానికి తాను పిలిచినట్టుంటుంది. అది సబబు. గురువారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ అద్దంలో నోరు తెరిచి చూసుకున్నాడు. పేరు రాలేదు. సబ్బు నోట్లోకి పోయింది.

మామూలు వేళకి చెత్తడబ్బాలు లాగాడు. ఎర్రమూతది, పసుపుమూతది. కార్లు లోపలికెక్కాయి. నేల గుర్రుమంది.

పాండురంగ వచ్చాడు. ఖాకీ నిక్కరు వేసుకున్నాడు, ఏ పెట్టెలోంచి తీశాడో, నడుము దగ్గర తాడుతో కట్టాడు. నాగభూషణం ఇంటి ముందుకొచ్చాక భుజం మీది తువ్వాలు తీశాడు. నాలుగు మడతలు వేసి, పసుపుమూత మీద పెట్టి, గాలికెగరకుండా అరచేత్తో ఒకసారి అదిమాడు. భుజాలు రెండూ ఖాళీ. అప్పుడు బండి వెంట నడిచాడు. మెట్టు మీది అడ్డుచెక్క తీసుకుని ఎడమ వెనక చక్రం పక్కన తన చోటులోకి వెళ్లి నిలబడ్డాడు. ఆ చోటు ఆయన కోసమే కొలిచి వదిలినట్టుంది.

ఎత్తు కింద బండి ఆగింది. మీసాల మేస్త్రీ చెయ్యెత్తాడు. ముందరి ఇద్దరూ చూపించారు. వెనక కుడివాడు చూపించాడు.

నాగభూషణం రోడ్డు మీదికి దిగాడు. పెద్ద దూరం లేదు. ఆ వీపు కనిపిస్తోంది, మెడ వెనక గొలుసు మెరుస్తోంది. ఇదే అదను. నోరు తెరిచాడు.

నాలుక మీదికొచ్చిన పేరు సింహాద్రి.

నోరు మూసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ ముసలాయన్ని చూసినప్పుడల్లా లోపల మెదిలే పేరు అదొక్కటే. రెండో పేరుకి దారి పూడిపోయింది. మళ్లీ తెరిచాడు. పా, అనుకున్నాడు. పెదాలు కలిశాయి, విడలేదు.

పాండురంగ అడ్డుచెక్క ఎత్తి చూపించాడు.

మీసాల మేస్త్రీ ఆ చెక్క వైపు చాలాసేపు చూశాడు. నమ్మకం కుదరనట్టు ఇంకోసారి చూశాడు. చెయ్యి ముందుకి ఊపాడు.

బరువు కదిలింది.

ఇంక పిలవడానికి లేదు. పిలిస్తే తల తిప్పుతాడు. చెయ్యి చక్రం కిందే ఉంది. ఎత్తు మీద బందు అనడానికీ లేదు. ఆ కట్టుబాట్లు పదిమందికి నేర్పి, తప్పినవాళ్ల చెంపలు పగలగొట్టిన మనిషి తానే. నాగభూషణం రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. ఇంజన్లు ఒక ఊపు లాగి ఆగాయి. చక్రాల కింద అడ్డుచెక్కలు పడ్డాయి. మళ్లీ లాగాలి. అప్పుడు పాండురంగ గొంతెత్తాడు. పాట అందుకునేది మేస్త్రీ, అడ్డుచెక్క వాడు కాదు. కానీ ఆ టోపీ మనుషులకి ఆ పాట రాదు.

"జోర్ లగాకే..."

జవాబు లేదు. టోపీలవాళ్లు తమతమ చక్రాలు చూసుకుంటున్నారు. పాండురంగ తన చెక్క తీయలేదు. జవాబు వినకుండా తీయకూడదు. ఇంజన్లు ఉరుముతున్నాయి. గొలుసు, ఆ మెలిపడ్డ గొలుసు, బిగిసి కీచుమంది. ఆ ఒక్క చెక్క తీయకపోతే వ్యాగను అడ్డం తిరుగుతుంది, బరువు వెనక్కొస్తుంది.

"జోర్ లగాకే..." మళ్లీ అన్నాడు, గొంతు జీరపోయింది. తల తిప్పలేదు.

"హైస్సా!"

వీధిలో కిటికీలు అదిరాయి. నాగభూషణం జీవితంలో ఒకరి పాటకి జవాబివ్వడం అదే మొదటిసారి. ఇది మాట్లాడ్డం కాదు, అనుకున్నాడు. ఇది పని.

చెక్క బయటికొచ్చింది. బరువు మూరెడు పైకి జరిగింది. చెక్క పడింది.

"జోర్ లగాకే..."

"హైస్సా!"

"ఔర్ థోడా..."

"హైస్సా!"

జవాబిచ్చినప్పుడల్లా మనిషి ఒక మూరెడు దూరమవుతున్నాడు. ఇవ్వకపోతే చక్రం కిందికి పోతాడు. నాగభూషణం ఇస్తూనే ఉన్నాడు. కళ్లూ ముక్కూ కారిపోతున్నా లయ తప్పలేదు, ఒక్క జవాబు ముందూ కాలేదు, వెనకా కాలేదు. వందేళ్లుగా ఎక్కని ఎత్తు బాయిలరు ఎక్కింది. కొన మీద ఒక్క క్షణం ఆకాశానికి అడ్డంగా నల్లగా కనబడింది. తరవాత అవతలికి దిగిపోయింది. పట్టాలు మునిగాయి. పాట మాత్రం ఇంకాసేపు వినబడింది, నాగభూషణం జవాబిస్తూనే ఉన్నాడు. స్పందన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకునేదాకా.

సాయంత్రం వివేక్ వచ్చాడు, ఆఫీసు బ్యాగు భుజానే ఉంది.

"నాన్న బాయిలరుతో వెళ్లారంట కదా అంకుల్."

"ఊఁ."

"బూట్లు వేసుకున్నారా? మోకాలి పట్టీ?"

నాగభూషణానికి గుర్తు రాలేదు. అన్నీ పట్టి పట్టి చూసే మనిషి, కాళ్ల వైపు చూడలేదు. "వేసుకున్నాడు," అని అబద్ధం చెప్పాడు. చెత్తడబ్బా మీంచి తెచ్చిపెట్టిన తువ్వాలు ఇవ్వబోయాడు. వివేక్ దాన్ని తాకి, "మీ దగ్గర ఉంచండి అంకుల్. మీ ఇంటి ముందే పెట్టారు కదా," అని వెళ్లిపోయాడు.

తరవాతి గురువారం కార్లన్నీ అలవాటుగా లోపలికెక్కాయి. పిజ్జా కుర్రాడు మూల మీద ఆగాడు. నేల గుర్రుమనలేదు. గ్రూపులో ఎవరో "నో బాయిలర్ టుడే?" అని పెట్టారు. ఎవరో బొటనవేలి బొమ్మ పెట్టారు. కొన్నాళ్లకి కార్లు రోడ్డు మీదే ఉండిపోవడం మొదలైంది. ఏజెంట్లు బాయిలరు మాట చెప్పడం మానేశారు, అద్దె పెంచారు.

నాగభూషణం పొద్దున్నే చెరువు చుట్టూ ఎడమనుంచి నడుస్తున్నాడు. ఎవరూ ఎదురు రారు. బాతుల వైపు చూడ్డానికి ఏ కారణమూ లేదు.

ఒక గురువారం చెత్తడబ్బాలు రెండూ తిన్నగా పెట్టాక, తువ్వాలు భుజాన వేసుకుని ఎత్తు దాకా నడిచాడు. కొన మీద నిలబడి ముందు కుడిపక్క చూశాడు, తరవాత ఎడమపక్క. ఒకావిడ పిల్లబండి తోసుకుంటూ వస్తోంది. ఆమె దాటిపోయేదాకా ఆగాడు. ఒక కారు వచ్చింది, అదీ పోనిచ్చాడు. సైకిలు మీద పిల్లాడు మలుపు తిరిగేదాకా చూశాడు. దారి పొడుగునా ఏదీ కదలడం లేదని రూఢి చేసుకున్నాడు.

అప్పుడు గొంతెత్తి పిలిచాడు.

"పాండురంగా!"

స్పష్టంగానే వచ్చింది. కొండల వైపు వెళ్లింది. తిప్పడానికి ఆ రోడ్డు మీద ఒక్క తల లేదు.